41 మిల్లీమీటర్ల షాకప్‌కు ఏ క్లిప్-ఆన్ హ్యాండిల్?

ప్రశ్న: నాది 2012లో కొన్న యమహా ఎఫ్‌జెడ్ బండి. నల్గొండలో ఉంటూ మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే పనికి రోజూ బండి మీదే వెళ్ళి వస్తాను. పాత హ్యాండిల్ తీసేసి క్లిప్-ఆన్ హ్యాండిళ్ళు వేయించాలని చాలా కాలంగా కోరిక. ‘అన్ని బండ్లకూ సరిపోతుంది’ అని రాసిన జత ఒకటి ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలకు దొరుకుతోంది. నా బండికి ముందు షాకప్ గొట్టాల పై కొసలు టీ ప్లేటుతో (రెండు గొట్టాలనూ పైన కలిపి పట్టుకునే పలకతో) సమానంగా ఉన్నాయి కాబట్టి, గొట్టాలను ఒక అంగుళం పైకి జరిపి అక్కడ బిగిద్దామని, వదులుగా ఉంటే రేకు చుడదామని మా మెకానిక్ అంటున్నాడు. ఏ రకం కొనాలి? ప్లేటు పైన వేయించాలా, కింద వేయించాలా? వైర్లు మార్చాల్సి వస్తుందా? పోలీసులతో ఇబ్బంది ఉంటుందా? – ఒక పాఠకుడు, నల్గొండ

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ‘వదులుగా ఉంటే రేకు చుడదాం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు అడిగిన నాలుగు ప్రశ్నల కంటే ముందు ఆ రేకు సంగతి తేల్చుకోవాలి.

మీ బండికి ఇప్పుడున్న హ్యాండిల్ ఒకే గొట్టం. టీ ప్లేటు మీద రెండు పట్టీలు, నాలుగు బోల్టులు దానిని పట్టుకుని ఉంటాయి. వాటిలో ఒక బోల్టు వదులైనా మిగిలినవి కాస్తాయి, పైగా మీ రెండు చేతులూ ఒకే గొట్టం మీద ఉంటాయి. క్లిప్-ఆన్‌లో ఈ ఏర్పాటు ఉండదు. కుడి చేతికి ఒక ముక్క, ఎడమ చేతికి ఒక ముక్క. ఒక్కొక్కటి తన వైపు షాకప్ గొట్టాన్ని ఒక రింగుతో పట్టుకుని ఉంటుంది. చాలా రకాల్లో ఆ రింగు తిరగకుండా ఆపే పిన్ను గానీ, గాడి గానీ ఉండదు. బోల్టు బిగింపు వల్ల రింగుకూ గొట్టానికీ మధ్య పుట్టే రాపిడే దాని ఆధారమంతా. మీరు గట్టిగా బ్రేకు పట్టినప్పుడు మీ ఒంటి బరువులో పెద్ద భాగం ఆ రాపిడి మీదే పడుతుంది.

చాలా ఏళ్ళ కిందట నా సొంత బండికి ఒక షాపులో ఇలాగే వేయించుకున్నాను. రింగు కాస్త పెద్దదైతే, ఆ కుర్రవాడు కూల్‌డ్రింకు టిన్ను కత్తిరించి, గొట్టానికి చుట్టి, పైన రింగు బిగించాడు. చేత్తో ఊపి చూస్తే కదలలేదు కాబట్టి నేనూ సరేననుకున్నాను. నెల తిరక్కముందే, యాసంగి కోతల రోజుల్లో, హాలియా నుంచి చీకటి పడ్డాక వస్తున్నాను. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉన్నాయి. లైటు వెలుగులో ఆ రాళ్ళు కనబడగానే బ్రేకు పట్టాను. కుడి చేతి కింది హ్యాండిల్ రెండు అంగుళాలు ముందుకు జారిపోయింది. బండి వడ్లలోకి దూరి ఆగింది కాబట్టి మోచేతి తోలు లేవడంతో బయటపడ్డాను, వడ్లు ఆరబోసిన రైతు చేత తిట్లు మాత్రం తిన్నాను. మర్నాడు రింగు విప్పి చూస్తే టిన్ను రేకు బోల్టు చీలిక దగ్గర చిరిగి, మిగిలిన చోట కాగితంలా పలచబడి ఉంది. గొట్టం మీద గోటికి తగిలేంత లోతు గీత వలయంగా పడింది. ఆ గీత ఆయిల్ సీలు తిరిగే చోట కాక పైన పడింది కాబట్టి గొట్టం మార్చే ఖర్చు తప్పింది.

రేకు ఎందుకు ఆగదంటే, రింగు లోపలి వంపు గొట్టం వంపుతో అన్ని వైపులా కలిసినప్పుడే పట్టు పుడుతుంది. పెద్ద రింగును బలవంతంగా దగ్గరకు లాగితే అది రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది. ఆ చోట్ల రేకు నలిగి, మందం తగ్గి, నిన్న బిగించిన బోల్టు ఈ రోజుకు వదులవుతుంది. వదులైందని మెకానిక్ ఇంకా బిగిస్తాడు. అప్పుడు అల్యూమినియం రింగులో మరలు తెగుతాయి, లేదా గొట్టం పై కొస అండాకారమై దాని మూత పట్టేస్తుంది. అందువల్ల 1,400 రూపాయల జతను దాని ధర చూసి కాదు, ‘అన్ని బండ్లకూ’ అన్న మాట చూసి వదిలేయండి. షాకప్ గొట్టాలు అన్ని బండ్లకూ ఒకే లావు ఉండవు. మీ ఎఫ్‌జెడ్‌కు 41 మిల్లీమీటర్లు. పల్సర్ 220కి 37. పాత తరం క్లాసిక్ 350కి 35. ఈ మూడింటికీ ఒకే రింగు సరిపోతుందని అమ్మేవాడు చెబుతున్నాడంటే, డబ్బాలో ప్లాస్టిక్ బుష్షులో, రేకు పట్టీలో పెట్టి పంపుతున్నాడని అర్థం చేసుకోవాలి.

మీ బండికి 41 అని నేను రాసినా, కొనే ముందు వెర్నియర్‌తో కొలిపించండి. పన్నెండేళ్ళు దాటిన బండి. మధ్యలో ఎప్పుడైనా షాకప్‌లు మార్చి ఉంటే ఏ గొట్టం వేశారో ఎవరికి తెలుసు? దుమ్మూ నూనే తుడిచి, రింగు కూర్చోబోయే చోటనే, ముందు నుంచి వెనక్కి ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. గడియారం సెంటర్ చుట్టుపక్కల లేతు షాపు ఏదైనా ఉంటే వెర్నియర్ తప్పకుండా ఉంటుంది, రెండు నిమిషాల పని. సరైన కొలత రింగును చేతితో తోస్తే గొట్టం మీదికి బిగువుగా, అటూ ఇటూ ఊగకుండా ఎక్కుతుంది. బోల్టు బిగించాక కూడా రింగు చీలికలో సందు మిగిలి ఉండాలి. చీలిక రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకున్నాయంటే, మీరు ఎంత బలంగా బిగించినా ఆ బలమంతా ఆ అంచుల మీదే పోతుంది, గొట్టానికి చేరదు. ఈ ఒక్క పరీక్ష చాలు, జత ఉంచుకోవాలా తిప్పి పంపాలా తెలియడానికి.

రకాల విషయానికి వస్తే, పోత పోసిన రింగు కంటే అల్యూమినియం దిమ్మె నుంచి కోసి తీసిన రింగు నయం. పోత రింగు చీలిక మూలల్లో గుల్లలు ఉంటే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. ఒక్కో రింగుకు ఒకటి కాక రెండు బోల్టులు ఉన్నది చూడండి. రింగు రెండు అర్ధచంద్రాలుగా విడిపోయే రకమైతే షాకప్ గొట్టాన్ని కిందికి లాగకుండానే బిగించుకోవచ్చు. మెకానిక్‌కు పని సగమవుతుంది, మీకు కూలి తగ్గుతుంది. చేతి గొట్టం 22 మిల్లీమీటర్లు ఉంటే మీ పాత గ్రిప్పులు, స్విచ్‌లు, లీవర్లు అన్నీ ఎక్కుతాయి. ఆ గొట్టం రింగుకు అతుకు పెట్టి ఉండకుండా విడిగా మార్చుకోగలిగేదై ఉంటే, బండి ఒకసారి పక్కకు పడినప్పుడు జత మొత్తం కొనాల్సిన పని ఉండదు.

ఇక పైనా, కిందా అన్న ప్రశ్న. ప్లేటు పైన బిగించాలంటే షాకప్ గొట్టం ప్లేటు దాటి పైకి వచ్చి ఉండాలి, మీకు రాలేదు. దానిని అంగుళం పైకి జరపడమంటే, బండి ముందు భాగాన్ని అంగుళం కిందికి దించడమే. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది కానీ, దానితో స్టీరింగు వాలు నిటారవుతుంది. ముందు చక్రం నేలను తాకే చోటుకూ, స్టీరింగు ఇరుసును గీతలా కిందికి పొడిగిస్తే అది నేలను తాకే చోటుకూ మధ్య ఉండే దూరాన్ని ట్రెయిల్ అంటారు, అది తగ్గుతుంది. ట్రెయిల్ తగ్గిన బండి గల్లీల్లో చురుకుగా తిరుగుతుంది, కానీ హైవే మీద తిన్నగా పోవాలనే దాని స్వభావం కొంత పోతుంది. మీరు రోజూ తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి మీదుగా పోయే దారిలో వడ్ల లారీలు ఎదురుగా దాటుతుంటాయి. ఆ గాలి దెబ్బకు ఊగని బండి మీకు కావాలి. పైగా షాకప్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు మడ్‌గార్డు కింది టీ ప్లేటుకు తగలవచ్చు, స్పీడ్ బ్రేకర్ల మీద ఇంజిన్ అడుగు గీసుకోవచ్చు. కాబట్టి గొట్టాలు జరిపే ఆలోచన మానుకోండి.

ప్లేటు కింద బిగిస్తే ఈ కొలతలేవీ మారవు. అయితే మామూలు క్లిప్-ఆన్ అక్కడ వేస్తే చేతులు బాగా కిందికి పోతాయి. దీనికి మధ్యేమార్గంగా, రింగు కింద ఉన్నా చేతి గొట్టం ఒక మెడ మీద 40, 50 మిల్లీమీటర్లు పైకి లేచి ఉండే రకం దొరుకుతుంది. దానిని రైజర్ క్లిప్-ఆన్ అంటారు. మీ బండికి నేను సూచించేది అదే. కొనే ముందు రెండు ప్లేట్ల మధ్య గొట్టం ఎంత ఖాళీగా ఉందో స్కేలుతో కొలవండి; హెడ్‌లైటు, ఇండికేటర్ల బ్రాకెట్లు ఆ చోటును ఆక్రమించుకుని ఉంటే రింగుకు జాగా మిగలదు. జాగా చేయడం కోసం బ్రాకెట్లను గ్రైండరుతో కోయించకండి.

మీ ఎఫ్‌జెడ్‌కు ఇంకో చిక్కు దాని ట్యాంకు. భుజాలు ఉబ్బిన ట్యాంకు అది. హ్యాండిల్ కిందికి దిగిన కొద్దీ, పూర్తిగా తిప్పినప్పుడు చేతి గొట్టం ట్యాంకుకు దగ్గరవుతుంది. బొటనవేలు ఆ మధ్యలో నలిగితే ఆ క్షణంలో మీరు క్లచ్ వదిలేస్తారు, బండి ముందుకు దూకుతుంది. అందుకే బోల్టులు చివరిసారి బిగించక ముందు, గ్లవ్స్ వేసుకుని, రెండు వైపులా చివరిదాకా తిప్పి, వేలు సులువుగా పడుతోందా చూడాలి. పట్టకపోతే రింగును గొట్టం చుట్టూ కొద్దిగా ముందుకు తిప్పితే జాగా వస్తుంది. అప్పటికీ రాకపోతే ఫ్రేము మెడ దగ్గర హ్యాండిల్ తిరుగుడును ఆపే దిమ్మెకు మందం పెంచుతారు. అయితే దానితో బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. ప్రకాశం బజారులో ఒక్క ఊపులో తిప్పుకునే మలుపుకు రెండుసార్లు వెనక్కి తొయ్యాల్సి వస్తుంది. రోజూ ఊళ్ళో తిరిగేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

డబ్బు పెట్టే ముందు మీ ఒళ్ళు ఒప్పుకుంటుందో లేదో చూసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. బండిని స్టాండు మీద, గోడ పక్కన, కదలకుండా నిలబెట్టి ఎక్కి కూర్చోండి. హ్యాండిల్ కాకుండా, క్లిప్-ఆన్ వస్తుందనుకున్న ఎత్తులో రెండు షాకప్ గొట్టాలను పట్టుకోండి. మోకాళ్ళతో ట్యాంకును అదిమి, నడుము మీద ఆగి, చేతుల మీద బరువు వేయకుండా పదిహేను నిమిషాలు ఉండగలిగితే మీకు అది పడుతుంది. ఐదు నిమిషాలకే అరచేతుల మీద వాలిపోతుంటే, దాదాపు నలభై కిలోమీటర్ల దారిలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చిటికెనవేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం అరచేతి అంచున నరం నొక్కుకుంటోందనడానికి గుర్తు. దానిని ‘అలవాటైపోతుంది’ అని కొట్టిపారేయకూడదు. పల్సర్ 220 గానీ, ఆర్15 గానీ ఉన్న మిత్రులుంటే ఒక పూట అడిగి తీసుకోండి. వాటికి కంపెనీ వేసేదే క్లిప్-ఆన్. అయితే ఆర్15లో కాళ్ళు పెట్టే రాడ్లు కూడా వెనక్కి, పైకి ఉంటాయి. మీ బండిలో చేతులు మాత్రమే దిగి కాళ్ళు ఉన్నచోటే ఉంటే వీపు గూనిలా వంగుతుంది. ఆదివారం మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు హాయిగానే ఉంటుంది కానీ, దిగేటప్పుడు ప్రతి మలుపులో బ్రేకుతో పాటు ఒంటి బరువంతా మణికట్ల మీదికి వస్తుంది.

పరీక్షలో గెలిచారనుకుందాం, బిగింపుకు వద్దాం. ఇంజిన్ కింద దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాలి. రింగు విడిపోని రకమైతే ఒకేసారి రెండు షాకప్‌లూ విప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి దించాలి. దించే ముందు ప్లేటు అంచున గొట్టం మీద మార్కర్‌తో గీత పెడితే తిరిగి అదే ఎత్తులో కూర్చుంటుంది. రెండు వైపులా ఒక మిల్లీమీటరు తేడా కూడా ఉండకూడదు. గొట్టాన్నీ రింగు లోపలినీ పెట్రోలు గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అక్కడ గ్రీజు రాసే మెకానిక్ చేయి పట్టుకుని ఆపండి. బోల్టులను ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకుండా కొంత ఇది, కొంత అది బిగించాలి. సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10కి అటూ ఇటూ సరిపోతుంది. డబ్బాలో కాగితం ఉంటే దానిలో రాసిన అంకెదే చివరి మాట. టార్క్ రెంచ్ (ఈ బిగింపు బలాన్ని కొలిచి చూపే పానా) లేని షాపులో ఈ పని చేయించకండి. చివరగా రింగు మీది నుంచి గొట్టం మీదికి తెల్ల పెయింటుతో సన్నని గీత ఒకటి గీయించండి. రింగు వెంట్రుకవాసి కదిలినా ఆ గీత విరిగి కనబడుతుంది. 1,400 రూపాయల జతలో లేని భద్రత ఆ గీతలో ఉంది.

వైర్లు మార్చాలా అని అడిగారు. హ్యాండిల్ కిందికి వచ్చినప్పుడు ఉన్న వైర్లు పొట్టివి కావు, పొడవవుతాయి. మిగిలిన పొడవు హెడ్‌లైటు వెనక మెలికపడితే క్లచ్ బరువెక్కుతుంది. పాత దారి కాకుండా కొత్త దారిలో, పెద్ద వంపులతో మళ్ళించాలి. అది కుదరకపోతేనే పొట్టి వైరు. ఇంజిన్‌ను స్లో మీద నడవనిచ్చి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చప్పుడు పెరిగిందంటే యాక్సిలేటర్ వైరు ఎక్కడో లాగుతోంది, ఆ బండిని రోడ్డెక్కించకూడదు. స్విచ్ డబ్బాల లోపల చిన్న మేకు లాంటి పిన్ను ఉంటుంది; అది దిగడానికి కొత్త గొట్టంలో రంధ్రం కావాలి. చాలామంది ఆ పిన్నును ఆకురాయితో అరగదీసి పని ముగిస్తారు. కొన్నాళ్ళకు మీరు యాక్సిలేటర్ తిప్పితే డబ్బా మొత్తం తిరుగుతుంది. కాబట్టి సరైన చోటు గుర్తుపెట్టి రంధ్రమే వేయించండి.

ముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూత నేలకు సమాంతరంగా ఉండేలా లీవరును తిప్పి పెట్టాలి. డబ్బా వాలి ఉంటే ఆయిల్ తగ్గినప్పుడు గాలి లోపలికి పోతుంది. పైపును విప్పాల్సి వస్తే బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయాలి, గాలి పూర్తిగా తీయాలి, ట్యాంకు మీద గుడ్డ కప్పాలి, ఎందుకంటే బ్రేకు ఆయిల్ చుక్క పడితే పెయింటు లేచిపోతుంది.

పోలీసుల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. ఆర్సీలో హ్యాండిల్‌కు గడి లేదన్న మాట నిజమే కానీ, కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ‘ఎవరూ ఆపరు’ అని షాపువాళ్ళు చెప్పే ధైర్యం, ప్రమాదం జరిగి బీమా వాళ్ళు బండిని పరీక్షించే రోజున మీ వెంట రాదు. ఈ బాధ్యత మీదేనని తెలిసే నిర్ణయం తీసుకోండి. అద్దాలు మాత్రం ఏ పరిస్థితిలోనూ తీయకండి. క్లిప్-ఆన్‌కు పాత అద్దాలు కుదరకపోతే గ్రిప్పు చివర బిగించే రకం వేయించండి.

నా అభిప్రాయం అడిగితే, మీ రోజువారీ దారికి రైజర్ క్లిప్-ఆన్ కంటే కూడా, ఉన్న పట్టీల్లోనే కూర్చునే తక్కువ ఎత్తు తిన్నని గొట్టం హ్యాండిల్ ముందు వాడి చూడటం మేలు. ఖర్చు తక్కువ, షాకప్ జోలికి పోనక్కర్లేదు, వంగే తీరులో మీరు కోరుకున్నది సగమైనా దానితోనే వస్తుంది. అది కూడా కంపెనీ గొట్టం కాదు కాబట్టి చట్టం మాట దానికీ వర్తిస్తుంది. ట్యాంకుకు తగలడం లేదా అన్న పరీక్ష దానికీ చేయాలి.

అయినా మనసు క్లిప్-ఆన్ మీదే ఉంటే, వేయించిన మొదటి రోజు వేములపల్లి దగ్గర ఒకసారి ఆగి పెయింటు గీత చూడండి, వారం తర్వాత మళ్ళీ చూడండి, ఆపైన బండి కడిగిన ప్రతిసారీ చూడండి. విప్పిన పాత హ్యాండిల్‌ను, పట్టీలను, నాలుగు బోల్టులను షాపులో వదిలేయకండి. మీ ఆర్సీకి పదిహేనేళ్ళు 2027లో నిండుతాయి. రెన్యువల్‌కు బండిని రవాణా శాఖ కార్యాలయంలో చూపించాలి. మీ మిల్లులో గోనె సంచులకు కొదవ ఉండదు కదా, ఒకదానిలో అన్నీ చుట్టి, బోల్టులకు కాస్త నూనె రాసి, అటక మీద పెట్టించండి.